రాత్రి రెండు గంటల ధర్మం

స్నానాల గదిలో దూడని పడుకోబెడితే మా ఆవిడ ఏమంటుందో నాకు ముందే తెలుసు. అది ఇంకొకళ్ళ ఇల్లు, ఇంకొకళ్ళ స్నానాల గది, ఇంకొకళ్ళ దూడ. అయినా అనే మాట అననే అంది. తెలుగులో అంది గనక సరిపోయింది గానీ, లేకపోతే ఆ ఇంటివాళ్ళు నొచ్చుకునేవాళ్ళు.

"ఇంత ప్రేమా అక్టోబరులో అమ్ముకోవడానికేగా?"

ఆ ప్రశ్నకి ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. ఇంటికి తిరిగొచ్చాక కూడా అది నన్ను వదల్లేదు. అందుకని మీ ముందు పెడుతున్నాను.

సంగతేమిటంటే, మా అమ్మాయి అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం పడమటి వైపు ఒక చిన్న ఊళ్ళో డాక్టరు. అమెరికాలో మనవాళ్ళంటే న్యూజెర్సీ, డాలస్ అనుకుంటాం గానీ, ఇలాంటి మారుమూల ఆసుపత్రుల్లో పనిచేసే పిల్లలూ ఉన్నారు. ఆ రాష్ట్రంలో మనుషులు సుమారు 20 లక్షలైతే పశువులు అంతకు మూడు రెట్లు. ఊరు దాటితే ఇసుకకొండలు. ఇసుకంటే మన ఏటి ఒడ్డు ఇసుక కాదు. పైన గడ్డి పట్టి నిలిచిపోయిన దిబ్బలు, కనుచూపు మేర అలల్లాగా ఉంటాయి. నాగలికి పనికిరావు. గడ్డి మొలుస్తుంది, ఆ గడ్డి ఆవులు మేస్తాయి, ఆ ఆవుల మీద మనుషులు బతుకుతారు. పాడికి కాదు, మాంసానికి. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. తరవాత చెబితే దాచినట్టవుతుంది.

మా అమ్మాయి ఆసుపత్రిలో నర్సుగా చేసే ఆవిడ భర్తకి అలాంటి రాంచ్ ఒకటి ఉంది. నాలుగు వందల ఆవులు. ఆ చుట్టుపట్ల ఇంటికొకళ్ళు ఇలా ఊళ్ళో ఉద్యోగం చెయ్యడం మామూలేనట. ఆవులు తిండి పెడతాయి గానీ వైద్యానికి బీమా కట్టవు గదా! రెండేళ్ళ కిందట మార్చి మొదటివారంలో ఆవిడ మమ్మల్ని భోజనానికి పిలిచింది. సాయంత్రం అయిదింటికి వెళ్ళాం. ఏడింటికి గాలి మొదలైంది. ఎనిమిదింటికి కిటికీలోంచి చూస్తే వాకిట్లో పెట్టిన మా కారు కనబడలేదు. ఆ రాత్రీ, మర్నాడూ అక్కడే ఉండిపోయాం.

మంచంటే మనకి సినిమాల్లో పాట నడుస్తుంటే రాలే పువ్వులాంటి పదార్థం. అక్కడి మంచు పైనుంచి రాలదు, అడ్డంగా వస్తుంది. బయట మైనస్ 18 డిగ్రీల చలి, దానికి తోడు ఆ గాలి. ఆవుకి ఒంటినిండా బొచ్చు ఉంటుంది, కడుపులో గడ్డి ఉంటుంది. గాలికి అడ్డు దొరికితే తట్టుకుంటుంది. దూడ సంగతి వేరు. అది తల్లి కడుపులోని వెచ్చదనంలోంచి తడిసిన ఒంటితో నేరుగా ఆ గాలిలోకి వచ్చిపడుతుంది. తల్లి గబగబా నాకి ఆరబెడితే, అది లేచి నిలబడి రెండు గుక్కలు పాలు తాగితే, బతికినట్టే. తొలిచూలు పెయ్య అయితే ఏం చెయ్యాలో తోచక బిత్తరపోయి పక్కకి వెళ్ళి నిలబడుతుంది. అలాంటప్పుడు చాలా త్వరగా దూడ నోరు చల్లబడిపోతుంది. నోట్లో వేలు పెట్టి చూస్తారు. వేలికి వెచ్చగా తగిలితే సరే. చల్లగా తగిలితే ఎత్తుకుని పరుగే.

అందుకని ఫిబ్రవరి చివర్నించి ఏప్రిల్ దాకా ఆ ఇంటాయనకి రాత్రి అనేది లేదు. రెండు మూడు గంటలకోసారి లేవడం, బూట్లు తొడుక్కోవడం, ట్రక్కు తీసుకుని దీపం వేసుకుంటూ మంద చుట్టూ తిరిగి రావడం. కెనడాలో మనిటోబాకి చెందిన కోనెఫాల్ అనే రైతు 1970లలో ఒకటి గమనించాడట. చూడి ఆవులకి పగలు కాకుండా రాత్రి పొద్దుపోయాక మేత వేస్తే ఎక్కువ ఆవులు పగటిపూటే ఈనుతాయని. ఇప్పుడు చాలామంది అదే పాటిస్తున్నారు. ఈయనా పాటిస్తున్నాడు. "అయినా ఆవులన్నీ ఆ పద్ధతి గురించి వినలేదు" అన్నాడు నవ్వుతూ.

ఆ రాత్రి రెండింటికి తలుపు చప్పుడైతే మేం లేచాం. ఆయన గడ్డం నిండా మంచు. చేతుల్లో నల్లటి దూడ, కాళ్ళు కర్రల్లాగా బిగుసుకుపోయి ఉంది. చచ్చిందనే అనుకున్నాను. దూడ ఒంటి వేడి మామూలుగా 101, 102 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి. 94కి దిగిందంటే ఇక వెచ్చటి చోట పడుకోబెట్టినంత మాత్రాన చాలదు. స్నానపు తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు నింపి మెడదాకా ముంచాడు. తల పైకెత్తి పట్టుకుని గంటకు పైగా అలాగే మోకాళ్ళమీద కూర్చున్నాడు. నీళ్ళు చల్లబడుతుంటే నర్సమ్మ వేణ్ణీళ్ళు పోస్తూ వచ్చింది. తరవాత తువ్వాళ్ళతో తుడిచి, జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో ఆరబెట్టి, గొట్టంతో నేరుగా కడుపులోకి జున్నుపాలు పోశారు. ఆ జున్నుపాలు నిరుటివి, సీసాల్లో గడ్డకట్టించి దాచినవి.

ఇక్కడ ఒక్క మాట. మనుషుల్లో తల్లి కడుపులో ఉండగానే బిడ్డకి కొంత రోగనిరోధక శక్తి అందుతుంది. ఆవులో మాయ దాన్ని దాటనివ్వదు. దూడకి ఆ రక్షణంతా జున్నుపాల్లోంచే రావాలి. అదీ మొదటి ఆరుగంటల్లో అయితే బాగా పడుతుంది; రోజు తిరిగేసరికి ఆ తలుపు మూసుకుపోతుంది. మనం వాళ్ళింట్లో గేదె ఈనిందట, వీళ్ళింట్లో ఆవు ఈనిందట అని గిన్నె పంపించి తెప్పించుకుని, బెల్లమూ మిరియాలూ వేసి వండుకుంటామే, ఆ జున్నే ఇది. మా ఆవిడకి జున్నంటే ప్రాణం. ఆ గొట్టం కేసి చూస్తూ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

నాలుగున్నరకి దూడ తలెత్తి, అరిచినట్టు నోరు తెరిచింది. శబ్దం రాలేదు. రెండోసారి వచ్చింది. ఆ మనిషి మొహం అప్పుడు చూడాలి. మనమడు పుట్టాడని కబురు విన్నవాడి మొహం అది.

మా ఆవిడ ఆ మాట అన్నది అప్పుడే.

నేనూ మొదట అటే మొగ్గాను. దూడ చస్తే డబ్బు పోతుంది, అందుకే కాపాడుకుంటాడు, ఇందులో దయేముంది, ఇది వ్యాపారం. ఇలా అనుకుంటే తేలికే. కానీ చూసిన కళ్ళు ఒప్పుకోవడం లేదు. లెక్క చూసుకునేవాడైతే సగం చచ్చిన దూడ కోసం అంత మంచులో ప్రాణంమీదికి తెచ్చుకోడు. మందలో ఇంకా ఎన్ని ఈనాల్సి ఉన్నాయి! దూడని ఎత్తుకుని మంచులో తడుముకుంటూ ఇంటి దీపం వెతుక్కునేవాడు ఆ క్షణాన క్వింటాలు ధర గుర్తుచేసుకుంటూ నడుస్తాడని నేను అనుకోను. చేతికి దూడ చలి తెలుస్తుంది గానీ ధర తెలియదు.

సరే, దయే అందాం. అంతటితో ఊరుకుంటే బాగుండును. కాని మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ మా ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది. ఈసారి నాచేత ఇంగ్లీషులో అడిగించింది.

"ఈ మంచులోనే ఎందుకు ఈనాలి? రెండు నెలలాగితే ఎండ రాదా?"

వంటింట్లో పుట్టిన ప్రశ్న అని తీసిపారెయ్యకండి. దీని చుట్టూనే ఉంది కథంతా. ఆవు చూలు సుమారు 283 రోజులు. ఎద్దుల్ని మందలోకి ఎప్పుడు తోలాలో నిర్ణయించేది మనిషి. మే 22న తోలితే మార్చి 1న తొలి దూడ. అంటే ఆ దూడ మంచు తుఫానులో పుట్టడం దాని తలరాత కాదు, గోడమీది క్యాలెండరు. మార్చిలో పుట్టినది అక్టోబరు, నవంబరు నాటికి ఎక్కువ బరువు తూగుతుంది. అమ్మేది బరువు లెక్కన. పైగా మే వచ్చిందంటే కంచెలు బాగుచేసుకోవాలి, ఆపైన ఎండాకాలమంతా గడ్డి కోసి దాచుకోవాలి. అప్పుడు ఈనికలు పెట్టుకుంటే తీరిక ఉండదు.

ఆయన ఇవన్నీ చెప్పి, కాఫీ కప్పు తిప్పుతూ కాసేపు ఊరుకుని, "మీరడిగింది నేను ఏటా మార్చిలో నన్ను నేనే అడుగుతుంటాను. మే నెల రాగానే మరిచిపోతాను" అన్నాడు.

పిల్లని గిల్లి తొట్టె ఊపినట్టని మనకో సామెత ఉంది. నాకదే గుర్తొచ్చింది. ఆ రాత్రి ఆయన ఎంత ప్రేమగా తొట్టె ఊపాడో నేను చూశాను. అందులో కల్తీ లేదు. కానీ గిల్లింది కూడా ఆయనే. మే నెల ఎండలో, ఎవరికీ నొప్పి తెలియని రోజున, తాపీగా గిల్లాడు. అలాంటప్పుడు ఆ ఊపడాన్ని దయ అనవచ్చునా?

గిల్లకుండా ఉండే దారి లేకపోలేదు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వారి గుడ్‌మండ్‌సెన్ పరిశోధన క్షేత్రం ఆ ఇసుకకొండల్లోనే ఉంది. అక్కడ 1990లలో జూన్‌లో ఈనే మందని పెట్టి చూశారు. ఆవు పాలివ్వవలసిన సమయానికి బయట పచ్చగడ్డి ఉంటుంది గనక దాచిన గడ్డి ఖర్చు తగ్గింది. ఆలస్యంగా ఈనించే రైతులు ఇప్పుడు కొందరున్నారు. దాంట్లోనూ చిక్కులున్నాయి. అమ్మే నాటికి దూడ చిన్నదిగా ఉంటుంది. మళ్ళీ ఎద్దు కలిసే వేళకి గడ్డిలో సారం తగ్గి కొన్ని పెయ్యలు కట్టవు. కాబట్టి ఒకడు మూర్ఖుడూ, ఇంకొకడు జ్ఞానీ అని తేల్చడానికి లేదు. అయితే ఇదొక నిర్ణయమనీ, ప్రకృతి శాసనం కాదనీ మాత్రం తేలుతుంది.

గిల్లడమూ లేదు, ఊపడమూ లేదు అనే కాలం కూడా ఆ దేశంలో ఒకటుండేది. 1880లలో ఆ మైదానాల్లో కంచెలు లేని బీళ్ళమీద లక్షల పశువుల్ని వదిలేసేవారు. చలికాలానికి గడ్డి దాచడమనేది లేదు. బతికినవి బతుకుతాయి, లాభం వస్తుంది. యజమానులు చాలామంది న్యూయార్కులోనో, లండన్‌లోనో, స్కాట్లండులోనో ఉండేవారు. 1886-87 చలికాలంలో మంచు పడి, కరిగి, గడ్డి మీద గాజుపలకలా గట్టిపడింది. పశువులు తిండి లేక వేలకు వేలు నిలువునా గడ్డకట్టుకుపోయాయి. తరవాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్ మంద కూడా డకోటాలో సగానికి పైగా పోయింది. మొంటానాలో ఒక యజమాని తన అయిదు వేల పశువులు ఎలా ఉన్నాయని ఉత్తరం రాసి అడిగితే, అక్కడ పశువుల్ని కాసే చార్లీ రసెల్ అనే కుర్రవాడు మాటల్లో జవాబు రాయలేక చిన్న బొమ్మ గీసి పంపాడు. మంచులో ఎముకలగూడులాంటి ఆవు ఒంటరిగా నిలబడి ఉంటుంది. చుట్టూ తోడేళ్ళు ఎదురుచూస్తుంటాయి. ఆ బొమ్మతోనే అతను చిత్రకారుడుగా పేరు తెచ్చుకున్నాడు.

ఆ దెబ్బ తిన్నాకే అక్కడివాళ్ళు మందలు తగ్గించి, కంచెలు వేసి, చలికాలానికి గడ్డి దాచడం నేర్చారు. నేర్పింది దయా, నష్టమా అంటే నష్టమే. కానీ గడ్డి మోసి వేసేవాడు ఆవు మొహం చూడక తప్పదు. రోజూ చూసిన మొహం చస్తుంటే నిద్రపట్టదు. లెక్క కోసం మొదలుపెట్టిన పనే మనిషిని రాత్రి రెండింటికి మోకాళ్ళమీద కూర్చోబెట్టింది. ధర్మం ఎప్పుడూ వీధి గుమ్మంలోంచే రావాలని ఏముంది, దొడ్డిదారినా వస్తుంది.

ఇంతవరకూ నేను న్యాయమూర్తి కుర్చీలో కూర్చుని మాట్లాడాను. ఆ మర్నాటి సాయంత్రం ఆ కుర్చీ కూడా పోయింది.

గాలి తగ్గాక ఆయన మమ్మల్ని కొట్టంలోకి తీసుకువెళ్ళాడు. రాత్రి ఒక ఆవు దూడ చచ్చిపోయింది. ఇంకో ఆవుకి కవల దూడలు పుడితే, అది ఒకదాన్నే దగ్గరికి రానిచ్చి రెండోదాన్ని తన్నేస్తోంది. ఆయన చచ్చిన దూడ తోలు ఒలిచి, కాళ్ళకి కంతలు పెట్టి, ఆ అనాథ దూడకి చొక్కాలాగా తొడిగాడు. దూడ పోయిన తల్లి దగ్గరికి దాన్ని తోశాడు. ఆవు వాసన చూసింది. చాలాసేపు చూసింది. తరవాత సన్నగా గొంతులో ఏదో అంటూ నాకడం మొదలుపెట్టింది. మూడు నాలుగు రోజులైతే తన పాల వాసనే దూడకి పడుతుందనీ, అప్పుడు ఆ తోలు తీసేయవచ్చనీ ఆయన చెబుతున్నాడు.

మా ఆవిడ మొహం తిప్పుకుని, "తల్లిని ఎంత మోసం చేస్తున్నారండీ!" అంది.

నేను మాట్లాడలేదు. నాకు మా ఊరి గొడ్లచావిడి కనబడుతోంది.

కృష్ణా జిల్లాలో మా ఇంట్లో మూడు గేదెలుండేవి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అందులో ఒకటి దున్నదూడని ఈనింది. పెయ్యదూడ అయితే రేపు గేదె అవుతుంది. దున్నదూడ ఏమవుతుంది? అరక దున్నడానికి మాకు ఎడ్లున్నాయి. దాన్ని చంపమని ఎవరూ అనలేదు. మా ఇంట్లో చీమని కూడా తొక్కనిచ్చేవారు కారు. చేపేదాకా దూడని వదిలేవారు, చేపగానే లాగి గుంజకి కట్టేసేవారు. మొదట ఒక చన్ను దానికి వదిలేవారు. తరవాత అర చన్ను. ఆ తరవాత దూడే లేవడం మానేసింది. ఇరవయ్యో రోజున పోయింది. "ఆయుష్షు లేదు పాపం" అంది మా నాయనమ్మ.

ఎవరో వచ్చి దాన్ని తీసుకుపోయి, తోలు ఒలిచి, గడ్డి కుక్కి కుట్టి తెచ్చిచ్చారు. రోజూ తెల్లవారుజామున దాన్ని మోసుకెళ్ళి గేదె ముందు నిలబెట్టడం నా పని. నాకుతుందని దానిమీద కాస్త ఉప్పునీళ్ళు చల్లేవాళ్ళం. గేదె నాకేది. చేపేది. పాలేరు తంబళి నింపేవాడు. ఆ పాలు నేను తాగాను. బలంగా పెరిగాను. ఇన్నేళ్ళలో దాన్ని మోసమని ఒక్కసారి కూడా అనుకోలేదు. అది మా ఇంటి పని, అంతే.

రెండూ తోళ్ళే. వాసనతో తల్లిని నమ్మించడమూ రెండింట్లోనూ ఒకటే. కాకపోతే ఆయన తోలు తొడిగింది ఒక దూడకి పాలు దక్కాలని. మేం గడ్డి కుక్కింది పాలు మాకు దక్కాలని. ఆయన మాంసం అమ్ముకుంటాడు, మేం పాలు తాగుతాం, కాబట్టి మేం సాత్వికులం! బర్రెమాంసం ఎగుమతిలో మన దేశం ప్రపంచంలో ముందువరుసలో ఉందన్న సంగతి పాల ప్యాకెట్టు మీద ఎవరూ అచ్చువెయ్యరు గదా.

అందుకని మా ఆవిడ ప్రశ్నకి నాకు తోచిన జవాబు ఇది. ఆ రాత్రి నేను చూసింది దయ కాదు. బాకీ తీర్చడం. మే నెలలో ఆయన ఆ దూడకి బాకీ పడ్డాడు, మార్చిలో రాత్రి రెండింటికి తీర్చాడు. అక్టోబరులో మళ్ళీ పడతాడు, ఆ బాకీ తీరేది కాదు. బాకీ అన్నంత మాత్రాన ఆ గోరువెచ్చని నీళ్ళు దొంగనీళ్ళు అయిపోవు. తీసుకున్నవాడు తీరుస్తుంటే నటిస్తున్నాడనం. గిల్లకుండా ఉండటం అన్నిటికంటే మేలు. గిల్లాక, కనీసం ఏడుపు వినబడేచోట పడుకోవడం రెండో మేలు. మనలో చాలామందిమి మూడోరకం. మనకోసం ఎవరో గిల్లుతుంటే, ఏడుపు వినబడనంత దూరంలో కాఫీ తాగుతుంటాం.

మొన్న అక్టోబరు తరవాత నర్సమ్మ మా అమ్మాయితో అన్నదట. దూడల్ని అమ్మేశారు. లారీలు వెళ్ళాక ఆవులు మూడు రాత్రులు అరిచాయి. ఏటా అరుస్తాయి. ఆ మూడు రాత్రులూ ఆయన నిద్రపోడట. టీవీ పెట్టుకుని, చూడకుండా కూర్చుంటాడట.

అది విని మా ఆవిడ, "పాపం" అంది. దూడలనో, ఆవులనో, ఆయననో నేను అడగలేదు.

ఆ గడ్డిదూడ కుట్టి తెచ్చేదాకా మా గేదె కూడా మూడు రాత్రులు అరిచింది. చావిడి మా పడకగదికి ఆనుకునే ఉండేది. మేం హాయిగా నిద్రపోయాం.